తేదీ కొట్టని గ్లాసులు

ఖరగ్‌పూర్, సుభాష్‌పల్లి. రాధారాణి సంవత్సరీకం వచ్చే వారం. వరండాలో ఆమె మొగుడు జగ్గారావు, ఆమె చెల్లెలు రత్నం, రత్నం కూతురు వినీల టీలు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"కాదు పెదనాన్నా, అక్షరాలు అమ్ముకోవడం కాదు. ఫాంట్ అంటే ఒక అచ్చు లాంటిది. కంప్యూటర్లో పెట్టుకుంటే ఎవరు ఏది టైపు చేసినా, పెద్దమ్మ గిన్నెల మీద కొట్టిన అక్షరాల్లాగే వస్తుంది."

"ఊరికే ఇస్తారేటి?"

"ఊరికే కాదనుకో. మా ఆఫీసు వాళ్ళు ధర పెడతారు."

"మరి అమ్మడమే కదా."

"ఓలమ్మ, ఈయనతో వాదనెట్టుకోకే వినీలా. బావా, పిల్ల నీకు సూపించడానికే కలకత్తా నుంచి లోకల్ రైల్లో నిలబడి వొచ్చినాది. ముందు సూడు. సూసినాక తిడుదువు గాని."

"సూస్తన్నాను రత్నం."

"ఏడ సూస్తన్నావు? గోడకేసి సూస్తన్నావు."

"సున్నం రాలిపోతంది."

"ఇటు పెదనాన్నా, ఈ స్క్రీన్‌కేసి. ఇది నింపురాలో దేముడు తాత ఇంట్లో మరచెంబు మీది 'శ్రీ'. పల్చటి కాగితం చుట్టి పెన్సిలుతో రుద్దాను. చుక్కలన్నీ తేలాయి. ఆ చుక్కలు ఒక్కోటీ మళ్ళీ గీసుకున్నాను."

"అది దాని సెయ్యి కాదు. మీ తాతది."

"మా నాన్నదే. బొబ్బిల్లో ఉన్నప్పుడు కొట్టినాడు. అక్క అప్పటికి ఇంత పిల్ల. నాన్న పక్కన కూకుని సుత్తి అందిచ్చేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు."

"తెలుసమ్మా. అందుకే అదీ తీసుకున్నాను. తాత కాలంలో ఇత్తడి బిందెల మీద అక్షరాలకి ఇంతేసి తోకలు. పెద్దమ్మ అదే వరస స్టీలు మీదకి తెచ్చింది. తోకలు కురచ చేసింది. గుండ్రాలు మాత్రం తాతవే. మెలిక తిరిగే చోట చుక్కలు దగ్గర దగ్గరగా పడతాయి, చూడు, చీమలు మలుపు తిరుగుతున్నట్టు. ఇలాంటి వరస నేనెక్కడా చూడలేదు. మా ఆఫీసులో చూపిస్తే అందరూ పనులు ఆపేశారు."

"ఆపి ఏటి సేసినారు?"

"ఏం చేస్తారు? బాగుందన్నారు."

"ఓహో."

"అంతేనా బావా? ఏటి మనిషివి నువ్వు? నువ్వు ఓహో అంటే పొయ్యి మీద పాలు ఇరిగిపోతాయి."

"మరేటనాల? నేనూ రాసినాను, రిటైరయ్యేదాకా. రైల్వే వర్క్‌షాపులో పెట్టెల మీద నంబర్లు. రేకు అడ్డమెట్టి రంగు కొట్టడమే. దానికీ సేస్తారేటి ఫాంటు?"

"చేస్తారు పెదనాన్నా, నిజంగానే చేస్తారు. బండి పెట్టెల అంకెలంటే చాలామందికి ఇష్టం."

"పనిలేనోళ్ళు."

"పోనీలే. ఇవి చూడు, పువ్వులు. పేరు చివర్న, పేరు మధ్యలో, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది. ఒక్కో గిన్నె మీద ఒక్కో రకం. ఇవన్నీ ఫాంట్‌లో పెట్టాను. డిజైన్‌కి అందమంతా వీటితోనే వచ్చింది."

"నీ మొకం. అవి తప్పులే."

"తప్పులేంటమ్మా?"

"స్టీలు మీద సుక్క పడితే సెరగదు కదే. కబుర్లాడతా కొడితే ఒకోపాలి అక్షరం తప్పిపోయేది. గిన్నె తెచ్చినోళ్ళు గోల పెట్టకుండా దాని మీద పువ్వు కొట్టీసేది. మలంచాలో ఉండే ఎలీసమ్మ పళ్ళెం నిండా పువ్వులే. ఎలీసమ్మ మురిసిపోయి, నాకు మాత్రమే కొట్టినాదని సర్చిలో అందరికీ సెప్పుకున్నాది."

"తప్పు కప్పెట్టడం దానికి బాగా వొచ్చు."

"బావా, పోయిన మనిషిని పట్టుకుని..."

"నేనేటన్నాను? వొచ్చన్నాను."

"సరే, నాకిది తెలీదు. అయినా ఉంచుతాను. తప్పులైనా బాగున్నాయి. పెదనాన్నా, అసలు చిక్కు ఇంకో చోటొచ్చింది. 'ఝ', 'ఱ', 'ఙ', ఇవి ఏ గిన్నె మీదా దొరకలేదు. మనవాళ్ళ పేర్లలో ఉండవు కదా. పెద్దమ్మ అయితే ఎలా కొట్టేదో అనుకుని నేనే గీశాను."

"అంటే, అది రాయనివి దాని సేత రాయించినావు."

"అలా అంటే అంతే అనుకో."

"ఇవన్నీ ఎవులికి?"

"పెళ్ళి కార్డులకి, స్వీటు షాపు డబ్బాలకి, సినిమా పేర్లకి. ఎవరికి నచ్చితే వాళ్ళు వాడుకుంటారు."

"సచ్చిపోయినోళ్ళ గ్లాసుల మీద అక్షరాలు. పెళ్ళి కార్డులకి."

"పెళ్ళి గిన్నెల మీదా అవే కదా బావా! పుట్టింటోళ్ళు బిందె పెట్టినా, పన్నెండో రోజున గ్లాసు పంచినా, కొట్టింది ఒక్క సెయ్యే. ఇందా పేటలో మాయింట్లో గిన్నెలు బోర్లిస్తే పురుళ్ళూ పెళ్ళిళ్ళూ సావులూ పక్కపక్కనే ఉంటాయి."

"ఊఁ."

"ఇంతకీ ఒప్పుకున్నట్టేనా పెదనాన్నా? నువ్వు ఊఁ అంటేనే ఇది బయటికొస్తుంది. నువ్వు వద్దంటే నా దగ్గరే ఉంచేస్తాను. పేరు కూడా అనుకున్నాను. రాధారాణి. ఫాంట్ పేరే అది."

"సూద్దాం."

"ఏటి సూసేది? ఆ మాట అలాగుంచు, ఇంకోటి సెప్తాను ఇను బావా. వొచ్చే వారం సంవత్సరీకం. పెద్దకర్మ నాడు నువ్వు సేసిన పని ఈ ఊళ్ళో తెలుగోళ్ళు ఇంకా మర్సిపోనేదు. భోజనాలెట్టి, అందర్నీ ఒట్టి సేతుల్తో పంపినావు. ఊరందరి సావులకీ గ్లాసులు కొట్టిన మనిషి, దాని పేరున ఒక్క గ్లాసు పంచనేదు. అటక మీద సంచీడు గ్లాసులెట్టుకుని."

"ఉన్నాయి. అయితే?"

"అయితేనా! పిసినారి అన్నారు నిన్ను. నా మొకం మీదే అన్నారు."

"అననీ. సంచీలో ఏటున్నాదో పిల్లకి తెల్సా?"

"తెలుసు పెదనాన్నా. పెద్దమ్మ తన గ్లాసులు తనే కొట్టుకుందట కదా."

"ఎవులు సెప్పినారు?"

"అందరూ అంటారు."

"అందరూ. కాటికాడ నుంచి వొచ్చినాక స్నానానికి సెంబు కోసం అటకెక్కినాను. సంచి కనిపించినాది. విప్పినాను. కీర్తిశేషురాలు రాధారాణి జ్ఞాపకార్థం. కింద, భర్త జగ్గారావు. మధ్యన తేదీకి జాగా ఒదిలీసినాది. తడి బట్టల్తో నిలబడి సదివినాను."

"ఆ తేదీ ఒక్కటే తక్కువ బావా. అది కొట్టించి పంచీయి అంటన్నాను. ఏడాది అయిపోయినాది. ఇంకా ఎన్నాళ్ళు?"

"ఎవులి సేత కొట్టించీది? దాని సేతి పక్కన ఇంకో సెయ్యి పడనివ్వను."

"అందుకే కదా పిల్ల ఉన్నాది! గోల్‌బజార్లో మోహనకృష్ణ కొట్లో పేర్లు సెక్కే మిషనెట్టినాడు. వినీలా, నువ్వు సెప్పు."

"అవును పెదనాన్నా. ఇప్పుడు ఆ మిషన్లో వస్తున్న అక్షరాలు కరెంటు బిల్లు మీద అక్షరాల్లా ఉన్నాయి. నా ఫాంట్ వేస్తే అంకెలు కూడా పెద్దమ్మవే పడతాయి, చుక్కకి చుక్క. ఏది తను కొట్టిందో ఏది మిషను కొట్టిందో ఎవరూ చెప్పలేరు. మోహనకృష్ణ గారితో మాట్లాడాను. రేపు తీసుకెళ్తే సంవత్సరీకానికి అయిపోతాయి."

"వొద్దు."

"ఏటి వొద్దు?"

"వొద్దంటే వొద్దు. పంచను."

"ఎందుకు పంచవు? ఏటి, అదేటి పాపం సేసినాది నీకు?"

"నాకు తెల్దు రత్నం. తెలిస్తే గదా. నా పక్కన పడుకున్న మనిషి. పోతానని ఎప్పుడు తెల్సుకున్నాది? ఎవులు సెప్పినారు? ఎవుల్ని తోడు తీసుకెల్లినాది? ఒంటరిగా టోటో రిక్షా కూడా ఎక్కేది కాదు అది. ఎవుల్ని అడిగినా తెల్దంటారు. నిన్నూ అడిగినాను."

"అడిగినావు."

"ఏటన్నావు?"

"తెల్దన్నాను."

"ఒట్టేసినావు."

"ఏసినాను. టీ సల్లారిపోతంది, తాగు."

"నాకు తెల్సిన రోజున పంచుతాను. అందాక అటక మీదుంటాయి. నేను పోతే నాతోపాటు పడీసీండి."

"ఈయనకి సెప్పడం నా వల్ల కాదమ్మా వినీలా. నువ్వే అడుగు."

"సరే పెదనాన్నా, గ్లాసుల మాట వదిలేద్దాం. ఈ ఒక్క పేజీ చూడు. ఫాంట్‌కి ఇదే మొదటి పేజీ. మనుషులు మొదట చూసేది ఇదే."

"రాధారాణి."

"అవును. బాగుంది కదా?"

"ఇదెక్కడిది?"

"ఎక్కడిదంటే?"

"ఇంట్లో గిన్నెలన్నిటి మీదా నా పేరే కొట్టినాది. తన పేరు ఏ గిన్నె మీదా కొట్టుకోనేదు. ఆ సంచీలో గ్లాసుల మీద తప్ప. సంచి నేను నీకివ్వనేదు."

"అక్షరాలు కలిపి ఉంటాది బావా. ఒకటి ఎలీసమ్మ పళ్ళెందీ, ఒకటి దేముడు సెంబుదీ. కంప్యూటరు కదా, కలిపీసి ఉంటాది."

"నిన్నడగనేదు."

"లేదమ్మా, ఇది కలిపింది కాదు. పెద్దమ్మ కొట్టిందే. మన బియ్యం డబ్బాలో గ్లాసుంది కదా, దాని మీదిదే..."

"వినీలా, టీ గ్లాసులు లోపలెట్టు."

"ఇంకా తాగలేదమ్మా ఎవరూ."

"ఎట్టమన్నానా!"

"కూకో అమ్మా. ఏ గ్లాసు?"

"ఏదో పాత గ్లాసు బావా. ఎప్పుడో ఊసుపోక కొట్టి..."

"నిన్ను కాదు. నువ్వు సెప్పమ్మా."

"నీకు తెలుసనుకున్నాను పెదనాన్నా. మొదటి గ్లాసు అది. సంచీలో వాటికన్నా ముందు కొట్టింది. అమ్మ బియ్యం డబ్బాలో అడుగున దాచింది. నేను బియ్యం తీస్తూంటే చేతికి తగిలింది. అమ్మని అడిగితే, మీ పెద్దమ్మ కొట్టుకున్న మొదటి గ్లాసు, ఎవరికీ చూపించకు అంది. నేను ఫాంట్‌లో పేరు మాత్రం..."

"రత్నం."

"ఊఁ."

"ఆ గ్లాసు మీ ఇంటికెలా వొచ్చినాది?"

"అక్కే ఉంచినాది."

"ఎక్కడ కొట్టినాది?"

"మా గుమ్మంలో."

"ఎప్పుడు?"

"బావా, మనిషి పోయి ఏడాది. ఇప్పుడు తవ్వితే ఏటొస్తాది?"

"ఎప్పుడు రత్నం?"

"విశ్వకర్మ పూజ నాడు."

"ఏ విశ్వకర్మ పూజ?"

"నీ సర్వీసులో ఆఖరిది."

"ఆ రోజు తలనొప్పన్నాది."

"తలనొప్పి కాదు. నువ్వు షాపుకి ఎల్లగానే మాయింటికొచ్చినాది. మిద్నాపూర్ తీసుకెల్లినాను, డాక్టరు కాడికి. అంతకుముందు పరీక్షలకీ నేనే ఎల్లినాను. ఆ రోజు ఆయన సెప్పీసినాడు."

"ఏటని?"

"సెయ్యడానికేటీ నేదని. సలికాలం దాటితే గొప్పని."

"ఏడిసినాదా?"

"నేదు. నేనే ఏడిసినాను. అది నా సెయ్యి పట్టుకుని, లేయే, గోల్‌బజార్లో దిగుదాం అన్నాది. ఒక స్టీలు గ్లాసు కొన్నాది. ఉలీ సుత్తీ ఎప్పుడూ దాని సేతి సంచీలోనే ఉండేవి కదా. మా గుమ్మంలో కూకుని తన పేరు కొట్టుకోడం మొదలెట్టినాది. ఇదేటి పనే అక్కా అని నెత్తి కొట్టుకున్నాను. సెయ్యి ఒణుకుతాదో నేదో సూసుకోవాల గదే, అన్నాది."

"ఒణికినాదా?"

"నేదు."

"ఆ ఒక్క రోజు షాపు గేట్లు తీసి ఉంచుతారు. అందరి పెళ్ళాలూ పిల్లలూ వొచ్చినారు. కొత్త సీరలు కట్టుకుని, మిషన్ల కాడ నిలబడి పొటోలు దిగినారు. రావ్ దాదా, మీ ఆవిడేదని బెంగాలీలు అడిగినారు. ఆఖరి పూజకి కూడా రానేదేటని. తలనొప్పి అన్నాను. ప్రసాదం పొట్లం కట్టించుకుని తెచ్చినాను. తిన్నాది. బాగున్నాదన్నాది."

"బావా."

"నాకెందుకు సెప్పనేదు?"

"మీయమ్మకి జబ్బు సేసినప్పుడు నువ్వెలాగున్నావో సూసినాది కదా. మనిషి బతికుండగానే శవం కాడ కూకున్నట్టు కూకున్నావంట. ఆ సూపు నా మీద పడితే రేపే సచ్చిపోతానే, అన్నాది. ఆయన నన్ను ఎప్పట్లాగే తిట్టాల రత్నం, ఆ తిట్లు ఇంటే నాకేటీ అవనట్టుంటాది, అన్నాది."

"తిట్టినాను."

"తెల్సు."

"ఈ వరండాలోనే కూకుని ఠకా ఠకా కొట్టేది. ఎవులి సావుకే ఈ గ్లాసులు, సెవులు పోతన్నాయి, అన్నాను. తెల్సినోళ్ళవే, తొందరంట, అన్నాది. ఆ పూటే కూరలో ఉప్పు నేదని పళ్ళెం తోసీసినాను. నువ్వూ ఇక్కడే ఉన్నావు. కింద పడ్డ మెతుకులు ఎత్తింది నువ్వే."

"నేనే."

"తెల్సి."

"తెల్సి. ఒట్టేయించుకున్నాది బావా. నోరు ఇప్పితే ఈ పిల్ల మీద ఒట్టన్నాది."

"నా మీదా అమ్మా?"

"నీ మీదే. నేనేటి సెయ్యను?"

"అది పోయినాక? దాని ఒట్టు అయిపోయినాది కదా. నేను నీ గుమ్మంలోకొచ్చి అడిగినాను. ఆ గుమ్మంలోనే."

"బయమేసినాది. అప్పుడే సెప్పాల్సింది. రోజులు గడిసే కొద్దీ ఇంక నోరు రానేదు."

"ఊఁ."

"ఏదో ఒకటి అను బావా. తిట్టు. కొట్టు. అలా కూకోకు."

"ఏటనాల? టీ సల్లారిపోనాది."

"పెదనాన్నా, నేనా మొదటి పేజీ తీసేస్తాను. పేరు కూడా మార్చేస్తాను. నాకు నిజంగా తెలీదు. అసలు ఈ ఫాంటే వద్దంటే..."

"ఎందుకు తియ్యడం? ఉంచు."

"ఏంటి?"

"పేరు అదే ఉంచు. పువ్వులూ ఉంచు. నువ్వు గీసినవీ ఉంచు. పెళ్ళి కార్డులకియ్యి, మిఠాయి డబ్బాలకియ్యి, ఎవులడిగితే వాళ్ళకియ్యి. నాకేటీ అడ్డు నేదు."

"కోపంగా అంటన్నావా బావా?"

"కోపం నేదు. ఏటీ నేదు. వినీలా, ఆ స్టూలెక్కి అటక మీద సంచి దింపమ్మా. మెల్లిగా. అడుగున కుట్టు ఇడిపోయినాది."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. రేపు మోహనకృష్ణ కొట్టుకి పట్టుకెల్లు."

"పంచుతావా బావా? నిజమే?"

"తెల్సిన రోజున పంచుతానన్నాను. తెల్సినాది."

"అమ్మయ్య. బావా, నువ్వు నన్ను ఏటన్నా పడతాను. అక్క పేరున గ్లాసు అందరి ఇళ్ళకీ ఎల్తే సాలు. ఇన్నాళ్ళూ నాకు కంటి మీద కునుకు నేదు, ఆ గ్లాసు బియ్యంలో ఉన్నాదంటే..."

"నీ కునుకు మాట నాకాడ తేకు."

"దించాను పెదనాన్నా. ఎంత బరువుందో! ఒకటి తియ్యనా? అబ్బ, అమ్మా చూడు, ఎంత తిన్నగా కొట్టిందో. జాగా కూడా సరిపడా వదిలింది. అంకెలు ఇక్కడ పడతాయి పెదనాన్నా, పేరు కిందన. తిథి వేయించమంటావా, ఇంగ్లీషు తేదీయా?"

"ఇంగ్లీషు తేదీ."

"సరే. పెద్దమ్మ పోయింది సరస్వతి పూజ ముందు రోజు. నిరుడు అది ఎన్నో తారీకంటే... ఉండు, ఫోన్లో చూస్తాను."

"అది కాదు. విశ్వకర్మ పూజ తారీకు వెయ్యి. అంతకు ముందేడాదిది."

"పెదనాన్నా?"

"అదేటి మాట బావా! ఆ రోజుకి అక్క బతికే ఉన్నాది కదా. అంతమందీ సదువుతారు. ఇదేటి తేదీ అని నన్నడిగితే నేనేటి సెప్పాల?"

"నీకాడ బతికున్నాది రత్నం. నాకాడ ఆ రోజే సచ్చిపోనాది. కొట్టించమ్మా."